పండుగ పాతది, కథ క్రొత్తది

నవంబరు మాసమున నాలుగవ గురువారము సమీపించుసరికి అమెరికా సంయుక్త రాష్ట్రములందలి విమానాశ్రయములు క్రిక్కిరిసిపోవును. విశ్వవిద్యాలయముల వసతిగృహములు ఖాళీయగును. దూరమున నున్న బిడ్డలు కన్నవారి యిల్లు చేరి, నిండుగా కాల్చిన టర్కీ కోడిని, గుమ్మడికాయతో చేసిన తీపి వంటకమును నడుమ నిడుకొని, తమకు లభించిన మేళ్లను తలచుకొనుచు ‘థాంక్స్‌గివింగ్’ అను కృతజ్ఞతాపర్వమును జరుపుకొందురు. డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా మొదలగు చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబములకును ఆ నాలుగు దినముల విరామము ఇప్పుడు సొంత పండుగయే యైనది. టర్కీ కోడికి బిరియానీ మసాలా పట్టించు సాహసికులును, దానిని గడప దాటి రానీయక పులిహోర గారెలతోనే పర్వము గడుపు శాకాహారులును మనవారిలో కలరు. ఇందు ఆక్షేపింపదగినది రవంతయు లేదు. పరుల పండుగలో పాలుపంచుకొనుట తెలుగువారికి క్రొత్త గాదు. పీర్ల గుండము చుట్టు హిందువులు ఆడిన నేల మనది.

అయితే పండుగ వెంట ఒక కథయు మనవారి యిండ్లలో అడుగుపెట్టినది. ఐదారేండ్ల పసివాడు బడినుండి వచ్చునప్పుడు తలపై కాగితపు నల్లటోపీయో, రంగుకాగితపు ఈకల పట్టీయో పెట్టుకొని వచ్చును. ఇదేమిరా యని అడిగినచో, మతస్వాతంత్ర్యమును గోరి సముద్రము దాటి వచ్చిన ‘పిల్‌గ్రిములు’ అను సాధుజనులు ఆకలితో అలమటించుచుండగా, అడవిలోని ఇండియనులు జాలిపడి వచ్చి మొక్కజొన్న నాటుట నేర్పిరనియు, పంట చేతికందిన పిమ్మట ఉభయులును ఒక్క బల్లవద్ద కూర్చుండి భుజించిరనియు, అదియే మొదటి థాంక్స్‌గివింగ్ అనియు గడగడ చెప్పును. కొన్ని పాఠశాలలు ఈ వేషములను ఇటీవల మానినవి గాని, కథ మాత్రము చెక్కుచెదరలేదు. ఆ భోజనము ముగిసిన తరువాత ఆ ఇండియనులు ఏమైరో, వారి జాతి పేరేమో, ఆ నేల అంతకుముందు ఎవరిదో ఆ కథలో ఎక్కడను లేదు.

నేను చెప్పదలచినది ఇంతియే: ఆ పండుగ నిజమైనది; 1621 నాటి విందును జరిగినదే; కాని ఈ రెంటికిని ముడివేసినది పందొమ్మిదవ శతాబ్దము. ఆ ముడి విప్పినంత మాత్రమున పండుగకు వచ్చు నష్టము లేదు. విప్పకుండుటవలన నష్టపోయినవారు మాత్రము నేటికిని ఆ తీరముననే యున్నారు.

ఆ విందునుగూర్చి మనకున్న ఆధారము ఆశ్చర్యము గొలుపునంత స్వల్పము. 1621 డిసెంబరు 11వ తేదీన ప్లిమత్ వలసనుండి ఎడ్వర్డ్ విన్‌స్లో అనునతడు ఇంగ్లండులోని మిత్రునకు వ్రాసిన లేఖ యొకటి, మరుసటి యేట లండనులో అచ్చయిన చిన్న గ్రంథమున చేరినది. అందు విందు ప్రసక్తి వచ్చునది కొన్ని వాక్యములు మాత్రమే. పంట కోతలు ముగిసినవి. గవర్నరు నలుగురు మనుష్యులను పక్షుల వేటకు పంపగా, వారు ఒక్క దినముననే దాదాపు వారమునకు సరిపడు పిట్టలను కొట్టి తెచ్చిరి. తుపాకులు కాల్చి వినోదించుచుండగా మసాసోయిట్ అను రాజు తొంబది మంది మనుష్యులతో వచ్చెను. మూడు దినములు విందు సాగెను. వచ్చినవారు తామును వేటకు పోయి ఐదు జింకలను కొట్టి తెచ్చి వలసవారి పెద్దలకు ఇచ్చిరి. ఇంతే. టర్కీ కోడి పేరు ఆ లేఖలో లేదు. ఆ శరత్తున అడవి టర్కీలు సమృద్ధిగా దొరికినవని గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ వేరొకచోట వ్రాసినాడు గాని, ఆయన విందు మాటయే ఎత్తలేదు. బంగాళాదుంప ఆ తీరమునకు ఇంకను రాలేదు. పిండివంటలకు గోధుమపిండి లేదు.

ఇప్పుడు లెక్క చూడుడు. 1620 నవంబరులో ‘మేఫ్లవర్’ ఓడలో వచ్చిన యాత్రికులు 102 మంది. మొదటి శీతకాలము గడచుసరికి వారిలో ఇంచుమించు సగము మంది మట్టిలో కలిసిరి. వివాహితలైన స్త్రీలు నలుగురే మిగిలిరి. అనగా ఆ మూడు దినములు ఏబదిమంది ఆంగ్లేయుల నడుమ తొంబదిమంది మూలవాసులు ఉండిరి, తినిన మాంసములో మంచి భాగము వారు తెచ్చినదే, నేలయు వారిదే. అందు అతిథులెవరు, ఆతిథేయులెవరు అను ప్రశ్న నన్ను చాలకాలము వేధించినది. చిత్రకారులకు మాత్రము ఈ సందేహము కలిగినట్లు లేదు. 1914లో జెన్నీ బ్రౌన్స్‌కోంబ్ చిత్రించిన సుప్రసిద్ధ చిత్రమున పొడవాటి బల్లవద్ద ఆంగ్లేయులు ప్రార్థనలో నుందురు. మూలవాసులు కొద్దిమందియే కనబడుదురు, అదియును తలలపై పెద్ద పెద్ద ఈకల కిరీటములతో. అట్టి కిరీటములు వేయిమైళ్లకు పైగా దూరమునగల మైదానప్రాంతపు తెగలవి గాని ఆ తీరవాసులవి కావు. వెనుక కనబడు దుంగల కుటీరమును ఆనాటి ప్లిమత్‌లో లేదు. వారి యిండ్లు పలకలతో కట్టినవి.

ఆ తీరవాసులు వాంపనోగులు. వారి నాయకుని పేరు ఊసమేక్విన్. మసాసోయిట్ అనునది ఆయన బిరుదు. 1616 మొదలు 1619 వరకు, యూరపు ఓడలద్వారా వచ్చిన మహామారి యొకటి ఆ తీరమును ఊడ్చివేసినది. ప్లిమత్ కట్టబడిన స్థలము అడవి కాదు. అది పటుక్సెట్ అను గ్రామము. జనమంతయు నశింపగా చదును చేసిన పొలములు అట్లే మిగిలినవి. వలసవారు వాటిలోనే విత్తనము చల్లిరి. మొక్కజొన్న నాటుట నేర్పిన టిస్క్వాంటమ్ ఆ ఊరివాడే. 1614లో థామస్ హంట్ అను ఆంగ్ల నావికుడు అతనిని మరికొందరితోపాటు వంచనతో ఓడకెక్కించి స్పెయిను దేశపు మలగా రేవున బానిసగా అమ్మజూపెను. అతడు ఎట్లో బయటపడి, ఇంగ్లండు చేరి, ఆ భాష నేర్చి, 1619లో స్వగ్రామమునకు తిరిగి వచ్చి చూడగా పలుకరించువాడొక్కడును లేడు. బడి పుస్తకములు ఇతనిని ‘స్నేహశీలియైన ఇండియను’ అని ఒక్క ముక్కలో తేల్చును. తన తల్లిదండ్రుల సమాధులపై పరాయివారు ఇండ్లు కట్టుకొనుచుండగా వారికి ఎరువుగా చేపను వాడుట నేర్పిన మనుష్యుని మనస్సులో ఏముండెనో ఊహించుటకు గొప్ప నవలాకారుడు కావలెను.

ఊసమేక్విన్ చేసిన మైత్రియు జాలివలన పుట్టినది కాదు, రాజనీతివలన పుట్టినది. ఆయన ప్రజ రోగమువలన క్షీణించియుండెను; పడమటి దిక్కున ఆ రోగము సోకని నారగాన్‌సెట్ జాతి బలిసియుండెను. తుపాకులు గల ఏబదిమంది పరదేశులు తన ప్రక్కనుండుట మేలని తలచి, 1621 మార్చిలో ఆయన వారితో పరస్పర రక్షణకు ఒడంబడిక చేసికొనెను. పిల్‌గ్రిముల సంగతియు కథలో చెప్పినంత సులభము కాదు. ఆంగ్ల దేవాలయవ్యవస్థతో తెగతెంపులు చేసికొన్న వీరు హాలెండులోని లైడెన్ నగరమున పదునొకండు సంవత్సరములు కాపురముండిరి. అక్కడ వారి ఆరాధనకు అడ్డుచెప్పినవారు లేరు. ఐనను అక్కడినుండి కదలుటకు కారణములు దారిద్ర్యము, కఠినశ్రమ, అన్నిటికంటె మించి తమ పిల్లలు డచ్చివారైపోయి తమ భాషయు మతమును మరతురేమో యను దిగులు. ఈ దిగులును ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానా సభలకు వచ్చు తల్లిదండ్రులకంటె ఎవరు ఎక్కువగా అర్థము చేసికొనగలరు!

ఇక కృతజ్ఞతాదినమను ఆచారము వేరు. పిల్‌గ్రిముల మతబంధువులైన ప్యూరిటనులు క్రిస్మసును సైతము అంగీకరింపలేదు. మసాచుసెట్సులో 1659 మొదలు 1681 వరకు దానిని జరుపుట నేరము. వారికి ఏటేట వచ్చు పండుగలు లేవు. దైవము కోపించినదని తోచినప్పుడు ఉపవాసదినము, కరుణించినదని తోచినప్పుడు కృతజ్ఞతాదినము ప్రకటించి, ఆ దినమంతయు ప్రార్థనామందిరమున గడపుదురు. 1623 వేసవిలో దీర్ఘమైన అనావృష్టి తరువాత వాన కురియగా ప్లిమత్ వారు నిజమైన కృతజ్ఞతాదినము జరిపిరి. మూడు దినములు తిని త్రాగి తుపాకులు కాల్చిన 1621 నాటి ఉత్సవమును ఆ పేరుతో పిలిచినచో ఆ భక్తులే చెవులు మూసికొనియుందురు.

అట్టి కృతజ్ఞతాదినములన్నియు వానలకు, పంటలకు మాత్రమే కాలేదు. 1637 మే మాసమున కనెక్టికట్ ప్రాంతపు మిస్టిక్ నదీతీరమున పీక్వాట్ జాతివారి కోటగ్రామమును ఆంగ్లసేన చుట్టుముట్టి నిప్పు పెట్టగా స్త్రీలు, శిశువులతో సహా వందలమంది దగ్ధమైరి; ఆ విజయమునకై మసాచుసెట్సు దేవాలయములలో కృతజ్ఞత చెల్లించిరి. అంతకంటె దారుణమైనది 1676 నాటి సంగతి. విందునకు వచ్చిన ఊసమేక్విన్ కుమారుడే మెటాకమ్. ఆంగ్లేయులు ఆయనను ‘ఫిలిప్ రాజు’ అనిరి. భూములు ఒక్కొక్కటిగా చేజారుచుండగా, తన మనుష్యులను ఆంగ్లన్యాయస్థానములు ఉరితీయుచుండగా, 1675లో ఆయన యుద్ధమునకు లేచెను. 1676 ఆగస్టు 12న ఆయనను చంపిరి. తల నరికి ప్లిమత్‌కు పంపిరి. ఆగస్టు 17న ఆ వలసయందు కృతజ్ఞతారాధనము జరిగిన దినముననే ఆ శిరస్సు ఊరు చేరెను. కొయ్యకు గ్రుచ్చి నిలిపిన ఆ తల ఏండ్ల తరబడి అక్కడనే యుండెను. ఆయన తొమ్మిదేండ్ల కుమారుని ఏమి చేయవలెనని మతగురువులు బైబిలు త్రిప్పి తర్కించి, చివరకు బానిసగా అమ్మించిరి. మెటాకమ్ తండ్రి తెచ్చిన ఐదు జింకలకు ఏబదియైదేండ్ల తరువాత ఆ వలస చెల్లించిన ప్రతిఫలమిది.

ఈ వృత్తాంతములు విన్నవారిలో కొందరు ఇప్పుడు వేరొక మాట అందురు: అసలు మొదటి థాంక్స్‌గివింగ్ 1637 నాటి మారణహోమమే, ఆ పండుగ మూలమే నెత్తురు, కావున దానిని విడిచిపెట్టవలెను అని. వారి ఆవేదనను గౌరవించుచునే ఈ వాదమును నేను అంగీకరింపజాలను. ఇదియు పసివాని కథకు తలక్రిందులైన ప్రతిబింబమే. ఒక్క దినమును, ఒక్క సంఘటనను మూలముగా పట్టి, తక్కిన రెండు వందల యేండ్ల చరిత్రను దాని క్రింద పాతిపెట్టుట ఇరుపక్షములవారును చేయు పనియే. నేటి జాతీయపర్వమునకు 1637 మూలము కాదు. 1621 మూలము కాదు.

‘మొదటిది’ అను గౌరవమునకు పోటీపడు ఊళ్లు మరికొన్ని యున్నవి. ఆ తగవు చదువుటకు వినోదముగా నుండును. 1565 సెప్టెంబరు 8న ఫ్లోరిడా తీరమున దిగిన స్పెయిను సేనాని పెద్రో మెనెండెస్ కృతజ్ఞతాపూజ చేయించి తిముకువా జాతివారితో భోజనము చేసినాడు గనుక మొదటిది తమదేనని సెయింట్ అగస్టీన్ వారందురు. 1598 ఏప్రిల్ 30న ఎడారి దాటి రియోగ్రాండే నదికి చేరిన హ్వాన్ దె ఒన్యాతె పరివారము జరిపినదే మొదటిదని టెక్సాసువారందురు. 1619 డిసెంబరు 4న జేమ్స్ నదీతీరమున దిగిన ముప్పదియెనిమిదిమంది మోకరిల్లిన దినమును ఏటేట పాటింపుమని వారి నియమపత్రమే శాసించినదని వర్జీనియావారందురు. 1962లో ఆ రాష్ట్రపు సెనేటరొకరు అధ్యక్షుడు కెన్నెడీ ప్రకటనలో తమ ఊసు లేదని తంతి పంపగా, ఆయన కొలువులోని చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింజర్ క్షమాపణ చెప్పుచు, న్యూ ఇంగ్లండు పక్షపాతము తమను వదలలేదని హాస్యమాడెను. మరుసటి యేటి ప్రకటనలో కెన్నెడీ వర్జీనియా, మసాచుసెట్సులను రెంటిని కలిపి పేర్కొని తగవు తీర్చెను. ఒక్కటి గమనింపుడు: ఈ పోటీలో నిలిచినవారందరును ఓడ దిగినవారో, దండెత్తి వచ్చినవారో. ప్రతి యేట స్ట్రాబెర్రీలు పండునప్పుడు, మొక్కజొన్న పొత్తులు పాలుపోసికొనునప్పుడు భూమికి కృతజ్ఞత చెప్పుకొను ఆచారము ఆ ఖండపు మూలవాసులలో అంతకు పూర్వమే యుండెను. వారు మొదటివారమని పోటీకి రాలేదు.

నేటి పర్వమునకు నిజమైన జనకులు ఎవరనగా, ఒక విధవరాలు, ఒక యుద్ధము, ఒక అధ్యక్షుడు. 1777లో స్వాతంత్ర్యయుద్ధమున సారటోగా విజయమునకై ఖండ కాంగ్రెసు ఒక కృతజ్ఞతాదినమును ప్రకటించెను. 1789లో వాషింగ్టన్ క్రొత్త రాజ్యాంగమునకై మరియొకటి ప్రకటించెను. జెఫర్సన్ అధ్యక్షుడై యున్నంతకాలము, ప్రార్థనదినములు ప్రకటించుట ప్రభుత్వము పని కాదని నిరాకరించెను. అట్లు అది తెగిపోయి, న్యూ ఇంగ్లండులో మాత్రము ఏటేట జరుగు కుటుంబోత్సవముగా మిగిలెను. దానిని దేశమంతటికి పంచవలెనని పట్టుపట్టినది సారా జోసెఫా హేల్. న్యూ హాంప్‌షైరులో పుట్టి, భర్త పోగా ఐదుగురు పిల్లలను కలముతో పోషించిన ఈమె, తరువాత ‘గోడీస్ లేడీస్ బుక్’ అను పత్రికకు సంపాదకురాలయ్యెను. మన పిల్లలును పాడు మేరీ గొర్రెపిల్ల గీతము ఈమెదే. 1827లో అచ్చయిన తన నవలలో ఈమె ఒక థాంక్స్‌గివింగ్ భోజనమును సవిస్తరముగా వర్ణించెను. కాల్చిన టర్కీ, గుమ్మడికాయ తీపి మొదలగునవి బల్లపై వరుసగా అమర్చబడినవి ఆ పుటలలోనే. నేడు అమెరికా తినుచున్నది 1621 నాటి భోజనము కాదు, సారా హేల్ ఎరిగిన పల్లెయింటి వంట.

ఏండ్ల తరబడి ఆమె తన పత్రికలో సంపాదకీయములు వ్రాసెను. గవర్నర్లకు, ఒకరి వెనుక నొకరుగా అధ్యక్షులకు లేఖలు వ్రాసెను. దేశము ఉత్తర దక్షిణములుగా చీలుచున్న ఆ కాలమున, ఒకే దినమున ఒకే భోజనమునకు కూర్చున్న జనము ఒకరినొకరు చంపుకొనరని ఆమె నమ్మెను. ఆ నమ్మకము వమ్మైనది, యుద్ధము వచ్చినది. ఐనను 1863 సెప్టెంబరు 28న, డెబ్బదినాలుగేండ్ల వయసున, ఆమె అధ్యక్షుడు లింకన్‌కు వ్రాసెను. అక్టోబరు 3న ప్రకటన వెలువడెను. దానిని రచించినది విదేశాంగమంత్రి విలియం సెవార్డ్. గెటిస్‌బర్గ్ రణభూమి నెత్తురు ఆరి మూడు నెలలు. ఆ ప్రకటనలో పొలముల ఫలసాయము, గనుల సంపద, విదేశములతో శాంతి తలచుకొనబడినవి. వానితోపాటు విధవలు, అనాథలు, జాతి చేసిన తప్పులకు పశ్చాత్తాపము, గాయములు మానవలెనను ప్రార్థన. పిల్‌గ్రిముల పేరు లేదు. ప్లిమత్ పేరు లేదు. దక్షిణాది నాయకుడు జెఫర్సన్ డేవిస్ సైతము తన విజయములకు కృతజ్ఞతాదినములు ప్రకటించినాడనుట ఇక్కడ మరువరాదు. ఒకే దైవమునకు ఉభయసేనలును ఒకరి చావునకొకరు కృతజ్ఞత చెప్పుకొనిన కాలమది. అందుచేతనే యుద్ధము ముగిసిన తరువాతను చాలకాలము దక్షిణాదివారు దీనిని ఉత్తరాదివారి పండుగ యనియే చిన్నచూపు చూచిరి.

తిథి సంగతి కొంచెము చెప్పి ముందుకు పోవుదము. లింకన్ నిర్ణయించినది నవంబరు చివరి గురువారము. 1939లో ఆ గురువారము 30వ తేదీన పడగా, క్రిస్మసు బేరములకు దినములు చాలవని పెద్ద దుకాణదారులు మొరపెట్టుకొనిరి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగను ఒక వారము ముందునకు జరిపెను. సగము రాష్ట్రములు ఆ మాట వినెను, సగము వినలేదు. టెక్సాసు, కొలరాడో రెండు గురువారములును సెలవు పుచ్చుకొనెను. చివరకు 1941 డిసెంబరులో నాలుగవ గురువారమని చట్టము చేసిరి. పర్వమునకు మరునాటి శుక్రవారము బేరముల హోరు ఇప్పుడు హైదరాబాదు మాల్‌లలోనికిని వచ్చినది. ఏ కృతజ్ఞత ఎక్కడనుండి ఎక్కడకు పోయినదో మనకు తెలియకున్నను తగ్గింపుధర మాత్రము తెలియును.

మరి 1621 విందు ఈ పర్వమునకు ఎట్లంటుకొన్నది? విన్‌స్లో లేఖగల గ్రంథము సంపూర్ణ ప్రతి శతాబ్దములు మరుగునపడి, 1820లో ఫిలడెల్ఫియాలో దొరికినది. 1841లో అలెగ్జాండర్ యంగ్ అను మతగురువు దానిని పునర్ముద్రించుచు, పుట క్రింద నొక చిన్న వివరణలో ఇదియే న్యూ ఇంగ్లండు మొదటి థాంక్స్‌గివింగ్ అని వ్రాసెను. ఆ ఒక్క పంక్తియే బీజము. అంతవరకు ప్లిమత్‌వారు సైతము తమ పూర్వుల దినముగా పాటించినది డిసెంబరులో వచ్చు ఓడ దిగిన దినమును గాని విందు దినమును గాదు. బ్రాడ్‌ఫర్డ్ వ్రాతప్రతియు లండను బిషప్పు గ్రంథాలయమున బయటపడి 1856లో అచ్చయ్యెను. పిల్‌గ్రిముల మోజు పెరిగెను. పిదప ఇటలీ, పోలండు, రష్యాలనుండి లక్షల వలసవారు దిగుచుండగా, వారి పిల్లలను అమెరికనులుగా తీర్చుటకు బడులకు ఒక సరళమైన కథ కావలసివచ్చెను: ఓడలో వచ్చినవారు, కష్టపడినవారు, కృతజ్ఞత చెప్పినవారు. ఆ కథకు ఇండియనుడు నవ్వుచు భోజనము తెచ్చి తప్పుకొనుట అవసరము. పశ్చిమమైదానములలో మూలవాసులతో యుద్ధములు ముగిసి వారిని ప్రత్యేక ప్రాంతములలో నిర్బంధించిన తరువాతనే ఈ నవ్వు బొమ్మ పాఠ్యపుస్తకములకు ఎక్కుట కాకతాళీయమని నేను అనుకొనను.

ఆ బొమ్మ నోరు విప్పినది 1970లో. మేఫ్లవర్ వచ్చి మూడువందల యేబదియేండ్లైన సందర్భమున మసాచుసెట్సు ప్రభుత్వము విందు చేసి, వాంపనోగుల పక్షమున మాటాడుమని వాంసట్టా ఫ్రాంక్ జేమ్స్ అను సంగీతోపాధ్యాయుని పిలిచినది. ఆయన వ్రాసికొన్న ప్రసంగమున సమాధులు త్రవ్వి ధాన్యము దోచిన సంగతియు, ఊసమేక్విన్ ఆ పరదేశులను చేరదీయుట తమ జాతి చేసిన పెద్ద పొరపాటు కావచ్చునను మాటయు ఉండెను. నిర్వాహకులు ముందుగా చదివి, ఇది సందర్భమునకు తగదని, తాము వ్రాసియిచ్చినది చదువుమనిరి. ఆయన అందుకు ఒడబడలేదు. ఆ యేటి థాంక్స్‌గివింగ్ దినమున ప్లిమత్‌లోని కోల్స్ కొండపై, మసాసోయిట్ విగ్రహముచెంత ఆయనయు, పెక్కు జాతుల మూలవాసులును కూడి దానిని ‘జాతీయ సంతాపదినము’గా పాటించిరి. అది నేటికిని ఏటేట సాగుచున్నది. చదువనీయని ఆ ప్రసంగము ఇప్పుడు కోరినవారందరికి లభించును. నిర్వాహకులు ఇచ్చిన ప్రసంగమును తలచువారు లేరు.

వాంపనోగులు నశించిరని తలచువారు పెక్కుమంది. నశింపలేదు. ఆక్వినా తెగను 1987లోను, మాష్‌పీ తెగను 2007లోను అమెరికా ప్రభుత్వము గుర్తించినది. 2020లో ఆ ప్రభుత్వమే మాష్‌పీ వారి 321 ఎకరముల భూమిని వారి అధీనమునుండి తప్పింపజూచినప్పుడు న్యాయస్థానము అడ్డుపడినది. నూరేండ్లకు పైగా పలుకువారు లేక మూగవోయిన వారి భాషను జెస్సీ లిటిల్ డో బేర్డ్ అను మాష్‌పీ స్త్రీ తిరిగి లేపినది. ఆమెకు తోడ్పడిన ఆధారములలో ప్రధానమైనది 1663లో వారిని క్రైస్తవులను జేయుటకు మతబోధకుడు జాన్ ఇలియట్ వారి భాషలోనే అచ్చువేయించిన బైబిలు. ఆమె చిన్న కూతురు తరతరముల తరువాత ఆ భాషను మాతృభాషగా పలికినది.

కావున పండుగను మానుమని నేననను. కెనడావారు అక్టోబరు రెండవ సోమవారమున, లైబీరియావారు నవంబరు మొదటి గురువారమున ప్లిమత్ కథ ఆలంబనము లేకయే కృతజ్ఞతాదినము జరుపుకొనుచున్నారు. మన సంక్రాంతికి ధాన్యము ఇంటికి వచ్చుటయు, సూర్యుడు మకరమునకు మరలుటయు చాలును; ఎవరో ఎవరికో విందు చేసిన కథ లేదని ముగ్గు వేయువారు మానలేదు. థాంక్స్‌గివింగ్‌కును సారా హేల్ పట్టుదలయు, అంతర్యుద్ధము నడుమ లింకన్ చేసిన పశ్చాత్తాపప్రార్థనయు చాలినంత మూలబలము. ఒక జాతి తన తప్పును ఒప్పుకొనుచు కృతజ్ఞత చెప్పుకొనిన దినము, కల్పితమైన విందుకథకంటె గౌరవనీయమైనదని నా నిశ్చితాభిప్రాయము. 1621ను మాత్రము దానినుండి విడదీసి, వాంపనోగుల చరిత్రలో దాని స్థానమున దానిని నిలుపవలెను.

బోస్టను వైపు పోవు మన తెలుగువారు ప్లిమత్‌కు పోయి, సముద్రతీరమున స్తంభమంటపము క్రింద ‘1620’ అని చెక్కియున్న శిలను చూచి, పిల్లలతో ఫోటో దిగి వత్తురు. ఆ శిలపై కాలిడితిమని మేఫ్లవర్‌లో వచ్చినవారెవ్వరును వ్రాయలేదు. 1741లో తొంబదినాలుగేండ్ల వృద్ధుడొకడు చెప్పిన మాటయే దాని ప్రసిద్ధికి ఆధారము. అక్కడినుండి ఊరిలోనికి కొద్దిదూరము నడిచినచో పోస్టాఫీసు కూడలిలో ఒక ఫలకము కనబడును. సంతాపదినపు ఊరేగింపుపై పోలీసులు విరుచుకుపడి పలువురిని నిర్బంధించిన పిదప, 1998లో కుదిరిన రాజీ ప్రకారము ప్లిమత్ పురపాలకులే దానిని నెలకొల్పిరి. అందు మెటాకమ్ యుద్ధమును, ఆయన శిరస్సును ఆ ఊరిలో ఏండ్ల తరబడి నిలిపిన సంగతియు చెక్కియున్నవి. శిలవద్ద నిలిచినంతసేపు దానియొద్దను నిలిచి, దానిని మీ పిల్లలచేత బిగ్గరగా చదివింపుడు.